బే ఏరియా ఎయిర్ డిస్ట్రిక్ట్ ఇంటర్వ్యూకి సిద్ధమవడం ఎలా: నోటిఫికేషన్ నుంచి ప్యానెల్ గది దాకా

ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లోనో కెమికల్ ఇంజనీరింగ్‌లోనో ఎం.ఎస్. చేసి కాలిఫోర్నియాలో ఉద్యోగం వెతుక్కునే మనవాళ్లు ముందు కన్సల్టెన్సీల తలుపు తడతారు. గాలి నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థల్లో కూడా ఇంజనీర్లు, ఇన్‌స్పెక్టర్లు, కెమిస్టులు, డేటా చూసేవాళ్లు కావాలనే సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసి దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూకి పిలుపు వచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఐటీలో ఉన్న స్నేహితుల్ని అడిగితే వాళ్లు చెప్పే కోడింగ్ రౌండ్లు, హెచ్.ఆర్. కబుర్లు ఇక్కడ పెద్దగా పనికిరావు.

ఈ గైడ్ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల గాలిని చూసుకునే బే ఏరియా ఎయిర్ డిస్ట్రిక్ట్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. 1955లో కాలిఫోర్నియా శాసనసభ ఏర్పాటు చేసిన సంస్థ ఇది. అమెరికాలో గాలి కాలుష్యం కోసం పుట్టిన మొట్టమొదటి ప్రాంతీయ సంస్థ కూడా ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ మటేయో, శాంటా క్లారా, అలమీడా, కాంట్రా కోస్టా, మరీన్, నాపా కౌంటీలు పూర్తిగా, సొనోమా, సొలానో కౌంటీల దక్షిణ భాగాలు దీని కిందికి వస్తాయి. అంటే శాన్‌హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ లాంటి ఊళ్లలో ఉండే తెలుగువాళ్లంతా పీల్చే గాలి ఈ సంస్థ లెక్కలోదే.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఇలాంటి ప్రభుత్వ ఇంటర్వ్యూలలో ప్యానెల్ ముందు ఒక పట్టిక ఉంటుంది. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో వేస్తారు. మీరు చెప్పింది రాసుకుని మార్కులు వేస్తారు. మీకు ఎంత తెలిసినా నోటితో చెప్పని దానికి మార్కు రాదు. రెజ్యూమెలో ఉందిగా, చూసే ఉంటారులే అనుకుంటే నష్టపోయేది మీరే. కింద చెప్పే తయారీ అంతా ఈ ఒక్క కారణం చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడుగు: నోటిఫికేషన్‌ని ప్రశ్నపత్రంలా చదవండి

ఉద్యోగ ప్రకటన కనిపించగానే దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి. గడువు తీరాక ఆ పేజీ కనిపించకపోవచ్చు. ఇంటర్వ్యూ పిలుపు వారాల తర్వాత వస్తుంది. అప్పుడు ‘నేను ఏ పోస్టుకి పెట్టాను’ అని వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

అందులో ‘ముఖ్య విధులు’ అని ఉండే జాబితాని ఒక్కొక్క వాక్యంగా విడదీసి, ప్రతి వాక్యాన్నీ ప్రశ్నగా మార్చండి. ‘ఫిర్యాదులపై విచారణ చేసి నివేదిక రాయాలి’ అని ఉంటే, ‘మీరు ఒక ఫిర్యాదుని మొదటి నుంచి చివరి దాకా విచారించిన సందర్భం చెప్పండి’ అనే ప్రశ్న వస్తుందని అనుకోవచ్చు. ‘పర్మిట్ దరఖాస్తులు పరిశీలించాలి’ అని ఉంటే లెక్క ఒకటి వేయించే అవకాశం ఉంది. నోటిఫికేషన్‌లో లేని విషయం మీద ప్రశ్న రావడం అరుదు, ఎందుకంటే ప్రశ్నలు తయారుచేసేవాళ్లు కూడా ఆ జాబితానే ముందేసుకుని కూర్చుంటారు.

దరఖాస్తుతో పాటు అదనపు ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు అడిగి ఉంటే వాటి కాపీ కూడా దగ్గర పెట్టుకోండి. అక్కడ ఒకటి రాసి ఇక్కడ ఇంకొకటి చెబితే ప్యానెల్ పట్టేస్తుంది. వీసా సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. స్పాన్సర్‌షిప్ ఇవ్వబోమని ప్రకటనలోనే రాసే సంస్థలు ఉన్నాయి. ఆ వాక్యం లేకపోతే మానవ వనరుల విభాగానికి ఒక ఈమెయిల్ పెట్టి అడగండి. ప్యానెల్ గదిలో అడగాల్సిన విషయం కాదది.

రెండో అడుగు: ఎవరి పని ఎవరిదో తేల్చుకోండి

చాలామంది తడబడేది ఇక్కడే. అమెరికాలో గాలి కాలుష్యాన్ని మూడు అంచెల్లో చూస్తారు. జాతీయ ప్రమాణాలు పెట్టేది కేంద్రంలోని ఈపీఏ, అంటే పర్యావరణ పరిరక్షణ సంస్థ. కార్లు, లారీలు, ఇంధనాల సంగతి కాలిఫోర్నియాలో రాష్ట్ర స్థాయి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు చూస్తుంది, దాన్నే కార్బ్ అంటారు. కదలకుండా ఒకచోట ఉండే వాటిని, అంటే రిఫైనరీలు, పెట్రోల్ బంకులు, పెయింటింగ్ షాపులు, డీజిల్ జనరేటర్లు, క్రిమటోరియంల లాంటివాటిని స్థానిక డిస్ట్రిక్టులు చూస్తాయి. రాష్ట్రంలో ఇలాంటి డిస్ట్రిక్టులు 35 ఉన్నాయి.

మన దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు దీన్ని సులభంగా పట్టుకోగలరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) ప్రమాణాలు పెడుతుంది, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మండళ్లు కర్మాగారాలకు అనుమతులు ఇస్తాయి. కర్మాగారం కట్టడానికి ఇచ్చే మన సీఎఫ్ఈ ఇక్కడి అథారిటీ టు కన్‌స్ట్రక్ట్‌కి దగ్గరగా ఉంటుంది, నడపడానికి ఇచ్చే సీఎఫ్ఓ పర్మిట్ టు ఆపరేట్‌కి. రెండూ అచ్చంగా ఒకటని మాత్రం అనకండి. ఇక్కడ ప్రతి యంత్రానికీ, ప్రతి కాలుష్య మూలానికీ విడిగా లెక్క ఉంటుంది.

ప్యానెల్ ఒక చిక్కు ప్రశ్న వేయొచ్చు: ‘ఒక ఇంటి ముందు లారీలు గంటల తరబడి ఇంజన్ ఆపకుండా నిలబడుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. ఏం చేస్తారు?’ లారీ కార్బ్ పరిధిలోదని చెప్పి చేతులు దులుపుకుంటే మార్కులు తగ్గుతాయి. పరిధి ఎవరిదో చెప్పి, ఫిర్యాదుని సరైన చోటికి చేర్చి, ఆ లారీలు ఏ గోడౌన్‌కి వస్తున్నాయో, అక్కడ మన పర్మిట్ ఉన్న యంత్రాలేమైనా ఉన్నాయో చూసి, ఫిర్యాదు చేసిన మనిషికి తిరిగి ఫోన్ చేసి చెబుతానని అనండి. ఆ చివరి మాటని చాలామంది మర్చిపోతారు.

సంస్థని నడిపే బోర్డులో 24 మంది ఉంటారు. వాళ్లంతా కౌంటీల, నగరాల నుంచి వచ్చిన ప్రజాప్రతినిధులు. వారిది విధానం, నియమం. రోజువారీ నిర్వహణ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌ది. హియరింగ్ బోర్డు అనేది వేరు, అది న్యాయస్థానం తరహాలో పనిచేసే చిన్న మండలి. ఒక పరిశ్రమ కొంతకాలం నియమం పాటించలేని పరిస్థితిలో ఉంటే వేరియన్స్, అంటే తాత్కాలిక మినహాయింపు, అడిగేది అక్కడే. ఈ రెండు బోర్డుల్నీ కలిపేయకుండా చెబితే చాలు, మీరు చదివి వచ్చారని తెలిసిపోతుంది.

బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, అజెండా ముందే పెడతారు. ఇంటర్వ్యూకి ముందు కనీసం ఒక సమావేశం వీడియో చూడండి. ముఖ్యంగా ప్రజలు లేచి మాట్లాడే భాగం వదలొద్దు. రిచ్‌మండ్ నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ తన మనవడి ఆస్తమా గురించి రెండు నిమిషాల్లో చెప్పే మాటలు, పక్కనే పరిశ్రమ తరఫు లాయర్ చెప్పే మాటలు, ఈ రెండింటి మధ్య అధికారులు ఎలా మాట్లాడతారో వినండి. మీరు చేరబోయే ఉద్యోగం ఆ మధ్యలోనే ఉంటుంది.

మూడో అడుగు: గాలి శాస్త్రం, బే ఏరియా కోణంలో

పాఠ్యపుస్తకం మొత్తం తిరగేయక్కర్లేదు. మూడు విషయాలు గట్టిగా రావాలి: ఓజోన్, సూక్ష్మధూళి, విషవాయువులు.

ఓజోన్ ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే సేంద్రియ పదార్థాలు ఎండలో కలిసి అది తయారవుతుంది. అందుకే వేసవి సమస్య. సముద్రపు గాలి తగిలే శాన్‌ఫ్రాన్సిస్కోలో తక్కువగా ఉండి, కొండల అవతల లివర్‌మోర్ వైపు ఎక్కువ కావడానికి కారణం ఇదే. కాలుష్యం గాలితో లోపలికి కొట్టుకుపోయి అక్కడి వేడిలో ఉడుకుతుంది. ఎనిమిది గంటల జాతీయ ప్రమాణం 0.070 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 0.070 భాగం.

సూక్ష్మధూళి, అంటే పీఎం 2.5, ఇక్కడ రెండు కాలాల్లో ఇబ్బంది పెడుతుంది. చలికాలం రాత్రుళ్లు చల్లగాలి నేలని అంటుకుని కదలదు, ఇళ్లలో కట్టెలు కాల్చిన పొగ కిందే ఉండిపోతుంది. అందుకే స్పేర్ ది ఎయిర్ హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో కట్టెలు కాల్చడం నిషిద్ధం. రెండోది కార్చిచ్చుల కాలం. పీఎం 2.5 వార్షిక ప్రమాణాన్ని ఈపీఏ 2024లో ఘనపు మీటరుకి 12 నుంచి 9 మైక్రోగ్రాములకు తగ్గించింది, 24 గంటల ప్రమాణం 35 దగ్గరే ఉంచింది. మన దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం వార్షికం 40, 24 గంటలకు 60. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పనిచేసి వచ్చినవాళ్లు ఈ తేడాని ఒక వాక్యంలో చెప్పగలిగితే మీ అనుభవం ఇక్కడి లెక్కలోకి వస్తుంది.

ఒక రోజు గురించి కాస్త వివరంగా తెలుసుకోండి: 2020 సెప్టెంబరు 9. ఆ ఉదయం శాన్‌ఫ్రాన్సిస్కోలో తెల్లవారలేదు. ఆకాశమంతా ముదురు నారింజ రంగు, పట్టపగలు వీధిదీపాలు. జనం భయపడిపోయారు. చిత్రంగా ఆ ఉదయం నేల దగ్గర పీఎం రీడింగులు ఆకాశాన్ని చూసి ఊహించినంత ఘోరంగా లేవు. కార్చిచ్చుల పొగ పైన ఎత్తులో ఉండి, కింద సముద్రం నుంచి వచ్చిన చల్లటి గాలిపొర దాన్ని కొంతసేపు నేలకి దిగనివ్వలేదు. ఆ తర్వాతి రోజుల్లో పొగ కిందికి దిగాక గాలి నిజంగా పాడైంది. ‘సైన్సు తెలియనివాళ్లకి కష్టమైన విషయం వివరించండి’ అని ప్యానెల్ అడిగితే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కళ్లకి కనిపించేది, ముక్కుకి చేరేది ఎందుకు వేరుగా ఉన్నాయో నిమిషంన్నరలో చెప్పడం సాధన చేయండి.

2018 నవంబరులో క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు పొగ రోజుల తరబడి బే ఏరియాని కమ్మేయడం కూడా తెలిసి ఉండాలి. విషవాయువుల విషయంలో డీజిల్ పొగ కణాలు, బెంజీన్ ముఖ్యం. వీటిని క్యాన్సర్ ముప్పుగా, పది లక్షల మందిలో ఇంతమందికి అని లెక్కిస్తారు.

నాలుగో అడుగు: మీ పోస్టుకి తగ్గ నియమాలు, పనితనం

సంస్థ నియమావళి పెద్దది. అంతా చదవబోతే ఏదీ గుర్తుండదు. మీ పోస్టుకి సంబంధించిన మూడు నాలుగు నియమాలు ఎంచుకుని వాటి ఉద్దేశం, పరిమితి, మినహాయింపులు చూడండి. నంబరు మర్చిపోయినా పర్వాలేదు, నియమం ఏం కోరుతుందో చెప్పగలగాలి.

పర్మిట్ ఇంజనీరు పోస్టుకి రెగ్యులేషన్ 2 ప్రాణం. అందులో రూల్ 1 సాధారణ అవసరాలు, రూల్ 2 కొత్త కాలుష్య మూలాల సమీక్ష, రూల్ 5 విషవాయువులు, రూల్ 6 పెద్ద పరిశ్రమల టైటిల్ 5 పర్మిట్లు. రూల్ 2 ప్రకారం కొత్త మూలం రోజుకి 10 పౌండ్లు లేదా అంతకన్నా ఎక్కువ కాలుష్యం వదిలే అవకాశం ఉంటే అందుబాటులో ఉన్న ఉత్తమ నియంత్రణ సాంకేతికత, అంటే బ్యాక్ట్, పెట్టాలి. రూల్ 5లో ఒక ప్రాజెక్టు క్యాన్సర్ ముప్పు పరిమితి పది లక్షలకి 10. ఇప్పటికే భారం మోస్తున్న పేటల్లో దాన్ని 2021 సవరణతో 6కి తగ్గించారు.

లెక్క ఎలా వస్తుందో చూడండి. శాంటా క్లారా నగరంలో డేటా సెంటర్లు కోకొల్లలు. మనవాళ్లు చాలామంది పనిచేసే సర్వర్లు వాటిలోనే ఉంటాయి. కరెంటు పోతే ఆదుకోవడానికి ప్రతి సెంటర్ వెనకాల వరసగా పెద్ద డీజిల్ జనరేటర్లు ఉంటాయి, వాటికి పర్మిట్ కావాలి. 2,000 హార్స్‌పవర్ ఇంజను, గంటకి ఒక్కో హార్స్‌పవర్‌కి 5 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు, టెస్టింగ్ కోసం ఏడాదికి 50 గంటలు అనుకుందాం. 2,000ని 5తో, 50తో గుణిస్తే 5 లక్షల గ్రాములు. పౌండుకి 453.6 గ్రాములు కాబట్టి ఏడాదికి సుమారు 1,102 పౌండ్లు, అంటే అర టన్ను పైమాట. అదే ఇంజను ఒకరోజు 24 గంటలూ తిరిగితే సుమారు 529 పౌండ్లు. 10 పౌండ్ల గీత ఎప్పుడో దాటేసింది, బ్యాక్ట్ తప్పదు.

ఈ లెక్క వేసేటప్పుడు మౌనంగా కాగితం మీద రాసుకుంటూ పోకండి. ‘యూనిట్లు ఇవి, ఇది ఊహ, లోడు పూర్తిగా ఉందని తీసుకుంటున్నాను’ అని పైకి అంటూ వేయండి. చివర్లో కూడిక తప్పినా పద్ధతికి మార్కు పడుతుంది. తర్వాత ‘పక్కనే స్కూలు ఉంటే?’ అని అడుగుతారు. దానికి ఆరోగ్య ముప్పు అంచనా, పొగగొట్టం ఎత్తు, టెస్టింగ్ వేళలు, పరిసర ప్రజలకు నోటీసు లాంటి మాటలు రావాలి. పాఠశాలకి 1,000 అడుగుల లోపు విషవాయువులు వదిలే కొత్త మూలం వస్తే పిల్లల తల్లిదండ్రులకు నోటీసు ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టంలోనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ పోస్టుకి పొగ చదవడం తెలిసి ఉండాలి. ఈపీఏ మెథడ్ 9 అంటారు. సూర్యుడు మీ వీపు వైపు, 140 డిగ్రీల కోణం లోపల ఉండేలా నిలబడాలి. పొగలో నీటి ఆవిరి లేని చోట, బాగా దట్టంగా ఉన్న దగ్గర, ప్రతి 15 సెకన్లకి ఒకసారి క్షణం పాటు చూసి ఎంత శాతం వెనకాల దృశ్యం కప్పేసిందో రాయాలి. రెప్పవేయకుండా పొగనే చూస్తూ నిలబడితే కన్ను అలవాటు పడి తప్పు చెబుతుంది, అందుకే ఆ క్షణపు చూపు. 24 రీడింగులు కలిపితే ఆరు నిమిషాల సగటు. ఈ సర్టిఫికెట్ ఆర్నెల్లకోసారి పరీక్ష రాసి నిలుపుకోవాలి. 25 నల్లపొగలు, 25 తెల్లపొగలు చూపిస్తారు. ఏ ఒక్కదాంట్లోనూ 15 శాతానికి మించి తప్పు ఉండకూడదు, సగటు తప్పు 7.5 శాతం దాటకూడదు. మీకు సర్టిఫికెట్ లేకపోయినా ఈ పద్ధతి చెప్పగలిగితే నేర్చుకునే మనిషి అని అర్థమవుతుంది.

మానిటరింగ్ విభాగానికి పరికరాలు ఎలా పనిచేస్తాయో చెప్పాలి. ఓజోన్‌ని అతినీలలోహిత కాంతి ఎంత పీల్చుకుందో చూసి, నైట్రోజన్ ఆక్సైడ్లని కెమిల్యూమినెసెన్స్‌తో, సల్ఫర్ డయాక్సైడ్‌ని ఫ్లోరెసెన్స్‌తో, పీఎం 2.5ని టేపు మీద పేరుకున్న ధూళి బీటా కిరణాలని ఎంత ఆపిందో చూసి కొలుస్తారు. అంతకన్నా ముఖ్యం నాణ్యత నియంత్రణ: జీరో, స్పాన్ తనిఖీలు (శుభ్రమైన గాలితో ఒకటి, గాఢత తెలిసిన వాయువుతో ఒకటి), క్యాలిబ్రేషన్ రికార్డులు, డేటా ఎందుకు చెల్లదన్నామో రాసిపెట్టడం. పర్పుల్ ఎయిర్ లాంటి చవక సెన్సర్ల గురించి అడిగితే వాటిని తీసిపారేయకండి. కాంతి చెదిరే తీరుని బట్టి అంచనా వేస్తాయి కాబట్టి వాటికి సవరణ కావాలి, అయినా పేటపేటకీ తేడా చూపించడంలో వాటి ఉపయోగం పెద్దదే.

నియమాల్లో కొత్తగా వస్తున్నవి కూడా చూసుకోండి. ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు రాకుండా చేసే నియమాన్ని బోర్డు 2023లో ఆమోదించింది, 2027 నుంచి దశలవారీగా అమలు అని పెట్టారు. దాని మీద చర్చ గట్టిగానే నడిచింది. తాజాగా ఎక్కడుందో ఇంటర్వ్యూ వారం అజెండాల్లో చూసి వెళ్లండి. ఆ నియమం మీద మీ సొంత అభిప్రాయం చెప్పక్కర్లేదు, అడిగితే రెండు వైపుల వాదనలూ చెప్పగలిగితే సరిపోతుంది.

ఐదో అడుగు: మీ అనుభవాలని కథలుగా కూర్చుకోండి

‘మీరు ఫలానా పరిస్థితిలో ఏం చేశారు’ అనే తరహా ప్రశ్నలే సగం పైన ఉంటాయి. అయిదారు సంఘటనలు ఎంచుకోండి. ఒకటి సాంకేతికంగా కష్టమైంది, ఒకటి కోపంగా ఉన్న మనిషితో మాట్లాడింది, ఒకటి గడువు మీద పడ్డది, ఒకటి పై అధికారితో ఏకీభవించనిది, ఒకటి డేటాలో లోపం పట్టుకున్నది. ప్రతిదానికీ పరిస్థితి, మీ పని, మీరు చేసింది, ఫలితం అనే నాలుగు భాగాలు ఉండాలి. మూడో భాగానికే సగం సమయం ఇవ్వండి.

మనవాళ్ల జవాబుల్లో తరచూ కనిపించేది ‘మేము’. ‘మేము స్టాక్ (పొగగొట్టం) మానిటరింగ్ చేశాం, మేము రిపోర్టు ఇచ్చాం.’ గొప్ప చెప్పుకోవడం మనకి నచ్చదు, అది మంచి లక్షణమే. కానీ ప్యానెల్ మార్కు వేయాల్సింది మీకు, మీ టీముకి కాదు. ఒక ఉదాహరణ చూడండి. జవాబు ఇంగ్లీషులోనే చెప్పాలి, ఇక్కడ సారం మాత్రం.

బలహీనంగా చెబితే: ‘పటాన్‌చెరులో ఒక ఫార్మా కంపెనీకి మేము మానిటరింగ్ చేశాం. వాసన సమస్య ఉండేది. పరిష్కరించాం.’

బలంగా చెబితే: ‘హైదరాబాద్ దగ్గర పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారానికి కన్సల్టెంటుగా పనిచేసేటప్పుడు, పక్క కాలనీవాళ్లు రాత్రుళ్లు ద్రావకాల వాసన వస్తోందని ఫిర్యాదు చేశారు. కంపెనీ పగటి రీడింగులు చూపించి సమస్య లేదంది. ఫిర్యాదులు వచ్చిన సమయాలన్నీ నేను ఒక పట్టికలో వేసి, గాలి దిక్కుతో పోల్చాను. అవన్నీ రాత్రి పది తర్వాత, గాలి ఒకే దిక్కున ఉన్నప్పుడు వచ్చాయి. ఆ వేళ ఏ బ్యాచ్ నడుస్తోందో లాగ్‌బుక్ అడిగి చూశాను. ద్రావకం తిరిగి పట్టే కండెన్సర్ చల్లదనం రాత్రి షిఫ్టులో తగ్గుతోందని తేలింది. మరమ్మతు తర్వాత అదే గంటల్లో మళ్లీ కొలిచాను.’

రెండోదాంట్లో గొప్పలు లేవు. ఏం చూశాడో, ఎందుకు చూశాడో ఉంది. పటాన్‌చెరు పేరు ప్యానెల్‌కి తెలియదు కాబట్టి దాన్ని ‘హైదరాబాద్ దగ్గర పారిశ్రామికవాడ’గా మార్చడం కూడా గమనించండి. సీపీసీబీ, సీఎఫ్ఓ లాంటి పొట్టి మాటల్ని మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో విప్పి చెప్పండి. రహస్యంగా ఉంచాల్సిన కంపెనీ పేరు, ఫలితాలు మాత్రం ఎక్కడా బయటపెట్టకండి. నియంత్రణ సంస్థలో పనిచేయబోయే మనిషికి నోరు కట్టుకోవడం కూడా అర్హతే.

ఉద్యోగానుభవం లేని విద్యార్థులు ల్యాబ్ పని, థీసిస్, క్యాంపస్ ఉద్యోగం ఏదైనా వాడొచ్చు. డైనింగ్ హాల్లో కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడిన కథకి కూడా ఇక్కడ విలువ ఉంటుంది.

ఆరో అడుగు: గట్టి ప్రశ్నలు

‘రిఫైనరీ మేనేజరు మిమ్మల్ని గేటు దగ్గర అరగంట నిలబెట్టాడు.’ ‘ఒక చిన్న డ్రై క్లీనింగ్ షాపు యజమాని, నీకు నోటీసు రాయకపోతే నష్టమేంటి, లంచ్ చేసి వెళ్లు అన్నాడు.’ ఇలాంటివి వస్తాయి. మొదటిదానికి: లోపలికి వెళ్లే చట్టబద్ధమైన హక్కు గురించి మర్యాదగా గుర్తుచేయడం, సమయం రాసుకోవడం, సూపర్‌వైజరుకి ఫోను, గొడవ పడకపోవడం. రెండోదానికి: భోజనం వద్దనడం, నోటీసు ఎందుకు రాస్తున్నారో వివరించడం, నియమం పాటించడానికి సాయం దొరికే దారి చూపించడం. చాలా పోస్టుల్లో ఏటా ఆర్థిక ప్రయోజనాల ప్రకటన, ఫారం 700, దాఖలు చేయాలి. కానుకల మీద పరిమితులుంటాయి. జాలి చూపినా నోటీసు రాయాల్సిందే. జాలి మాట తీరులో చూపించండి.

పర్యావరణ న్యాయం మీద ప్రశ్న దాదాపు ఖాయం. 2017లో వచ్చిన ఏబీ 617 చట్టం ప్రకారం కాలుష్య భారం ఎక్కువున్న పేటల్లో స్థానికులతో కలిసి ప్రణాళికలు వేస్తారు. వెస్ట్ ఓక్లాండ్ ప్రణాళిక 2019లో వచ్చింది, పక్కనే రేవు, చుట్టూ ఫ్రీవేలు ఉన్న పేట అది. రిచ్‌మండ్, నార్త్ రిచ్‌మండ్, శాన్ పాబ్లో కలిపి మరో ప్రణాళిక ఉంది. వీటిలో ఒకటైనా చదవండి, కనీసం ఏ సమస్యలు జాబితాలో ఉన్నాయో చూడండి.

ప్రమాదాల చరిత్ర కూడా అవసరం. 2012 ఆగస్టు 6న రిచ్‌మండ్‌లోని షెవ్రాన్ రిఫైనరీలో తుప్పుపట్టిన పైపు నుంచి లీకై మంటలు చెలరేగాయి. సుమారు 15,000 మంది ఆసుపత్రులకు వెళ్లారు. 2022లో థాంక్స్‌గివింగ్ రాత్రి మార్టినెజ్ రిఫైనరీ నుంచి ఉత్ప్రేరకపు పొడి ఇళ్ల మీద, కార్ల మీద పడింది. ‘అలాంటి రాత్రి మీరు డ్యూటీలో ఉంటే?’ అన్నది సహజమైన ప్రశ్న. ముందు మీ భద్రత, తర్వాత సమాచారం ఎవరికి, నమూనాలు ఎక్కడ, గాలి దిక్కు ఏంటి, ఆధారాల గొలుసు (నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసిన వరస) తెగకుండా ఎలా, ప్రజలకి తెలిసినంతవరకే ఎలా చెబుతారు అనే వరసలో జవాబు చెప్పండి. విశాఖ వాళ్లకి 2020 మే 7 స్టైరీన్ లీకు గుర్తుంటుంది. అప్పుడు ఏదైనా పాత్ర ఉన్నవాళ్లు చెప్పొచ్చు, టీవీలో చూసినవాళ్లు దాన్ని తమ కథగా చెప్పుకోకూడదు.

ఏడో అడుగు: గడియారంతో సాధన

నలభై అయిదు నిమిషాల్లో ఏడెనిమిది ప్రశ్నలంటే ఒక్కోదానికి అయిదు నిమిషాలు. ప్యానెల్ మిమ్మల్ని ఆపదు, తొందరపెట్టదు. మొదటి రెండు ప్రశ్నలకే అరగంట తినేసి, చివరి మూడింటికి జవాబు లేకుండా బయటికి వచ్చేవాళ్లు ఉన్నారు. మొదట్లోనే ‘మొత్తం ఎన్ని ప్రశ్నలు?’ అని అడగొచ్చు, తప్పులేదు. కొన్ని చోట్ల ప్రశ్నల కాగితం కాసేపు ముందే ఇస్తారు. ఆ సమయంలో వాక్యాలు రాయకండి, ప్రతి ప్రశ్న పక్కన ఏ కథ చెప్పాలో రెండు మాటలు రాసుకోండి.

ఫోన్లో రికార్డు చేసి వినండి. మన ఇంగ్లీషు యాసతో ఇబ్బంది లేదు, వేగంతో ఉంది. టెన్షన్‌లో ఇంకా వేగం పెరుగుతుంది. అంకెలు చెప్పేటప్పుడు ఆగి చెప్పండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా వినపడకపోతే లెక్క మొత్తం పోతుంది. ప్యానెల్లో వాళ్లు తల వంచుకుని రాసుకుంటూ ఉంటారు, నవ్వరు, ‘గుడ్’ అనరు. జవాబు నచ్చలేదని బెంగపడకండి. అందరితో ఒకే తీరుగా ఉండాలని వాళ్లకి చెప్పి ఉంటారు. సార్, మేడమ్ అక్కర్లేదు, పేరుతో పిలవడం ఇక్కడ అమర్యాద కాదు.

ఎనిమిదో అడుగు: ఆ రోజు, ఆ తర్వాత

ఆఫీసు శాన్‌ఫ్రాన్సిస్కోలో 375 బీల్ స్ట్రీట్. నేరుగా రమ్మంటే బార్ట్ రైల్లో ఎంబార్కడెరో దగ్గర దిగి నడిచి వెళ్లొచ్చు, పార్కింగ్ వెతుక్కునే పని ఉండదు. గాలి నాణ్యత సంస్థకి రైల్లో వచ్చానని చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఆన్‌లైన్ అయితే కెమెరా కళ్ల ఎత్తులో పెట్టుకుని, నోట్సు పక్కన ఉంచుకోండి, చదవకండి.

చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు. జీతం, సెలవుల జోలికి వెళ్లకుండా పని గురించి అడగండి: ‘మొదటి ఆర్నెల్లలో ఈ పోస్టులో ఉన్న మనిషి ఏం చేయగలగాలని అనుకుంటున్నారు?’, ‘ఇన్‌స్పెక్టర్లు, పర్మిట్ ఇంజనీర్లు ఒక పరిశ్రమ మీద కలిసి పనిచేసేది ఎలా?’ ముందు జవాబుల్లో ఏదైనా వదిలేశానని గుర్తొస్తే దాన్ని చేర్చడానికి కూడా ఇదే సమయం.

జీతం శ్రేణి ప్రకటనలోనే మెట్లుగా ఉంటుంది. పాత జీతం ఎంత అని కాలిఫోర్నియాలో యజమాని అడగకూడదు, 2018 నుంచి అది చట్టం. ఏ మెట్టు మీద తీసుకోవాలో మాట్లాడేది ఆఫర్ వచ్చాకే, అప్పుడు మీ సంవత్సరాల అనుభవం కాగితాలతో సహా చూపించండి. భారత్‌లో పనిచేసిన చోటు నుంచి అనుభవ పత్రాలు, రిఫరెన్సు ఇచ్చేవారి ఈమెయిళ్లు ఇప్పుడే సిద్ధం చేసుకుంటే మంచిది. కాలమాన తేడా వల్ల రిఫరెన్సు ఫోన్లు కుదరక వారాలు సాగుతాయి. వాళ్లకి ముందే చెప్పి, రాత్రి ఏ వేళకి ఫోను ఎత్తగలరో కనుక్కోండి.

ఫలితం వెంటనే రాదు. ప్రభుత్వ నియామకాల్లో మార్కుల వరసలో జాబితా పెట్టి అందులోంచి పిలిచే పద్ధతి ఉంటుంది, కాబట్టి మొదటి పోస్టు ఇంకొకరికి వెళ్లినా కొన్ని నెలల తర్వాత ఫోను రావొచ్చు. ఈలోగా దక్షిణాన డైమండ్ బార్‌లో ఉన్న అక్కడి గాలి నాణ్యత సంస్థ సౌత్ కోస్ట్ ఏక్యూఎండీకి కూడా దరఖాస్తు పెట్టండి. లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల ఓజోన్ సమస్య ఇక్కడికన్నా చాలా తీవ్రం. ఓజోన్ విషయంలో జాతీయ ప్రమాణానికి బే ఏరియా దూరం ‘మార్జినల్’ (అన్నిటికన్నా కింది మెట్టు) అయితే వాళ్లది ‘ఎక్స్‌ట్రీమ్’ (అన్నిటికన్నా పై మెట్టు). అక్కడ గోడౌన్లకి వచ్చే లారీల మీద 2021లో చేసిన రూల్ 2305 ప్రత్యేకం. నియమాల నంబర్లూ వేరు: దుర్వాసనలాంటి ఉపద్రవాలకి అక్కడ రూల్ 402, ఎగిరే దుమ్ముకి 403. నోట్సు కొత్తగా రాసుకుని వెళ్లండి. డైమండ్ బార్ ప్యానెల్ ముందు బే ఏరియా రెగ్యులేషన్ 2 గురించి పది నిమిషాలు చెబితే వాళ్లు మర్యాదగా వింటారు, పట్టికలో మాత్రం ఏమీ రాసుకోరు.